ఎనర్జీ సేవింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముందు సెలవు రోజు ప్లాంట్‌కి వెళ్ళండి

పెద్ద ఫ్యాక్టరీలో ఎనర్జీ టీమ్‌లో వేశారు, పైవాళ్ళు సోలార్ అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు కదండీ. సోలార్ తర్వాత చూద్దురుగాని, ముందు ప్రొడక్షన్ లేని ఒక ఆదివారం షాప్ ఫ్లోర్ మీదకి వెళ్ళండి.

నేను ఆటో పార్ట్స్ కంపెనీలో యుటిలిటీస్‌లో పదేళ్ళకు పైనే చేశాను. మొదట్లో నేనూ ఎల్‌ఈడీ లైట్లు, స్విచ్‌ల దగ్గర స్టిక్కర్లతోనే మొదలుపెట్టా, బిల్లులో పెద్ద తేడా ఏం రాలేదు. ఓ పండగ సెలవు రోజు వెళ్తే ఒక్క మెషిన్ తిరగట్లేదు కానీ మెషిన్లకి గాలి నొక్కి పంపే కంప్రెసర్ మాత్రం లోడ్ అవుతోంది (గాలి నింపుతోంది), అన్‌లోడ్ అవుతోంది (నింపకుండా ఊరికే తిరుగుతోంది). ఫోన్‌లో టైమ్ పెట్టి చూశా, 3 నిమిషాలు లోడ్, 5 నిమిషాలు అన్‌లోడ్. అంటే 8 నిమిషాల్లో 3, దాని కెపాసిటీలో 37 శాతం పైనే గాలి ఎవరూ వాడకుండానే పోతోందన్నమాట! గాలి పైప్‌లైన్ వెంట నడుస్తుంటే సుయ్యిమని ఒకటే శబ్దం, మామూలు రోజుల్లో ఆ హోరులో వినపడదు. సబ్బునీళ్ళు కొట్టి చూస్తే మెయిన్ హెడర్ (పెద్ద గాలి పైపు) బానే ఉంది, మెషిన్ దగ్గర చివరి రెండు మూడు అడుగుల్లోనే, ట్యూబ్ జాయింట్లు, క్విక్ కప్లింగ్‌ల (చేత్తో తగిలించి తీసే జాయింట్లు) దగ్గర బుడగలే బుడగలు, అంటే అన్నీ లీకులే.

తర్వాత ప్రెజర్. లైన్ చివర ఒక్క మెషిన్‌కి గాలి చాలట్లేదని ప్లాంట్ మొత్తానికి 7.5 బార్ పెట్టుకుని కూర్చున్నాం. దానికి లావు పైపు వేసి, ఆపరేటర్లని పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా 6.5కి దించాం. 1 బార్ తగ్గితే కంప్రెసర్ కరెంటు 6-7 శాతం తగ్గుతుంది.

ఫ్యాన్లకి డాంపర్ (గాలికి అడ్డుపెట్టే పలక) సగం మూసి నడుపుతుంటే అక్కడ వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే పరికరం) పెట్టించండి, స్పీడ్ 20 శాతం తగ్గిస్తే పవర్ దాదాపు సగమే తీసుకుంటుంది. పవర్ ఫ్యాక్టర్ (తీసుకున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) పడిపోకుండా చూసే కెపాసిటర్లని కూడా టాంగ్ టెస్టర్‌తో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటర్) చూడండి, మన దగ్గర హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కేవీఏహెచ్ లెక్క, అంటే పనికిరాకుండా పోయే వాటా కూడా కలిపే లెక్క, పవర్ ఫ్యాక్టర్ పడితే నేరుగా బిల్లులోనే తగులుతుంది.

ఇవన్నీ అయ్యాక మిగిలిన లోడ్ చూసుకుని సోలార్ సైజు వేయించుకోండి. లీకులు మాత్రం ఒకసారి ఆపేస్తే అయిపోదు, మాకు ఆర్నెల్లకే మళ్ళీ మొదలయ్యాయి, అప్పట్నుంచి ఆపరేటర్ల చేతికే ఎర్ర ట్యాగులు ఇచ్చేశాం, శబ్దం వినపడ్డ చోట వాళ్ళే ట్యాగు కట్టేస్తారు, మెయింటెనెన్స్ వాళ్ళు ఆ వారంలోనే సరిచేసి ట్యాగు తీసేయాలి.