ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌ను టామ్ విల్స్ ఒక్కడే కనిపెట్టాడా?

లేదు, ఆ ఆటకు మొదట గట్టిగా పిలుపునిచ్చినవాడు, తొలి నిబంధనలు రాసినవాళ్లలో ఒకడు మాత్రమే.

1835లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టిన విల్స్ ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూల్లో చదివి, మంచి క్రికెటర్‌గా తిరిగొచ్చాడు. చలికాలంలో క్రికెటర్ల ఒంట్లో చురుకు తగ్గకుండా ఫుట్‌బాల్ క్లబ్ పెట్టాలని, నిబంధనలకు కమిటీ వేయాలని 1858 జులైలో మెల్‌బోర్న్ పత్రికకు ఉత్తరం రాశాడు. 1859 మే 17న విల్స్, హామర్స్‌లీ, థాంప్సన్, స్మిత్ తదితరులు కూర్చుని పది నిబంధనలు తయారుచేశారు. తాను నేర్చుకున్న రగ్బీ నిబంధనలే పెడదామని విల్స్ అన్నా మిగతావాళ్లకు అవి అర్థం కాలేదు. ఎవరికైనా తేలిగ్గా పట్టుబడే ఆట వాళ్లకు కావాలి. అందుకే ప్రత్యర్థి కాళ్ల మీద తన్నడాన్ని నిషేధించారు, ఆఫ్‌సైడ్ (బంతికి ముందున్న ఆటగాడు ఆడకూడదనే నియమం) ఊసే ఎత్తలేదు.

ఉదాహరణకు ఆ నిబంధనల్లోని ‘మార్క్’ చూడండి. ఎవరైనా తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుని ‘మార్క్’ అని అరిస్తే ఫ్రీ కిక్ (అడ్డు లేకుండా బంతిని తన్నే అవకాశం) వచ్చేది. బంతి పట్టుకున్న చోటు దాటి ప్రత్యర్థి ముందుకు రాకూడదు. నేల మీదున్న బంతిని మాత్రం అప్పట్లో చేత్తో ఎత్తకూడదు! నేటి ఆటకు అలవాటుపడినవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది.

చాలామంది పొరబడేది 1858 ఆగస్టు 7న స్కాచ్ కాలేజ్, మెల్‌బోర్న్ గ్రామర్ అనే స్కూళ్ల మధ్య మొదలైన మ్యాచ్ విషయంలో. జట్టుకు నలభై మంది ఆడిన ఆ మ్యాచ్‌కు విల్స్ అంపైర్లలో ఒకడు. కానీ అది ఈ నిబంధనలతో జరిగింది కాదు, అప్పటికి ఇవి ఇంకా రాయనేలేదు.