సేవలో మనసు కదలనప్పుడు విశ్వాసం ఎందుకు పనికొస్తుంది?

తమ్ముడూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు మీ చర్చి సంఘం ముసలివాళ్ళకు భోజనాలు పంపుతుంది, ఆ క్యారేజీలు మోసే పని మీది. మొదట్లో ఉన్న ఉత్సాహం ఇప్పుడు లేదు, మోకరించినా మనసు కదలట్లేదు. "విశ్వాసమే బలం అని అందరూ సాక్ష్యం చెప్తారు, మరి నాకెందుకు ఆ బలం రావట్లేదు?" అని అడిగారు.

మాది పాలమూరు. ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళలో తిరిగే సర్కారు నర్సుగా చేసి రిటైరయ్యాను. పిల్లలు పుణెకో ముంబైకో కూలికి పోతే ఇంట్లో ఒంటరిగా మిగిలే అవ్వలను, తాతలను మా స్త్రీల సమాజం చూసుకుంటుంది. ఉద్యోగం ఉన్నప్పుడు సెలవుల్లో వెళ్ళేదాన్ని, ఇప్పుడు దాదాపు రోజూ ఆ పనిలోనే ఉంటున్నాను.

ముందు ఒక మాట. కూడికలో మైకు పట్టుకున్న మనిషి తన మంచి రోజుల గురించే చెప్తాడు. వాటితో మీ మామూలు రోజులను పోల్చుకోకండి. నాకైతే విశ్వాసం వల్ల ఉత్సాహం పొంగిన రోజులు తక్కువే. ఉత్సాహం లేని రోజు కూడా పని ఆగకుండా చూసింది మాత్రం అదే. ఎలాగో తెలియాలంటే పిడికెడు బియ్యం సంగతి చెప్పాలి.

మీ సంఘంలోనూ ఉండే ఉంటుంది. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం దాన్ని మందిరానికి తెస్తుంది. పిడికెడు తీసే ఆ నిమిషంలో ఆమె మనసు దేవుడి మీదే ఉంటుందని ఏమీ లేదు. పొయ్యి మీది పాల మీద ఉండొచ్చు, రాత్రి మొగుడితో పడిన గొడవ మీద ఉండొచ్చు. చెయ్యి మాత్రం డబ్బా వైపు పోతుంది. మా అవ్వల అన్నం ఆ డబ్బాల్లోంచే వస్తుంది. (ఒకప్పుడు ఆ బస్తా వండడం పెద్ద తలనొప్పి. సన్నబియ్యం, రేషన్ దొడ్డుబియ్యం, నూకలు అన్నీ కలిసి ఉండేవి, సగం ముద్ద, సగం పలుకు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్‌లో కూడా సన్నబియ్యమే ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు కొంత నయం.)

ఆ డబ్బాల విలువ మాకు 2020 తర్వాతే తెలిసింది. అంతకుముందు ఒక పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళంలో కొంత మాకు ఇచ్చేది. ఆ సెప్టెంబరులో విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని సవరించారు. విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆ చట్టం మంచిచెడ్డల గురించి వాదించను. మాలాంటి చిన్నవాళ్ళకు వచ్చే పైసలు మాత్రం ఆగిపోయాయి. కిరాయి జీపు పోయింది, జీతం మీద పెట్టుకున్న వంటమనిషి పోయింది. డబ్బాలు మాత్రం ప్రతి ఆదివారం వచ్చాయి. వంట మేమే వంతులు వేసుకున్నాం. ఏ ఇంటి ఇల్లాలూ "ఈ వారం నాకు ఆత్మీయంగా బాగోలేదు, బియ్యం తీయలేదు" అనలేదు. నేను విశ్వాసం అనేది దీన్నే.

ఇంకోటి, ఫలితం సంగతి. మీ వైపు నీళ్ళ కథ మీకు నేను చెప్పక్కర్లేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, అక్కడి బోర్లలో అంతకంటే చాలా ఎక్కువ ఉండేది. ఇప్పుడు సర్కారు మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, పిల్లలకు మేలే. కానీ దశాబ్దాల పాటు ఆ బోరునీళ్ళు తాగి బిగుసుకుపోయిన నడుము మీరు ఎన్ని క్యారేజీలు మోసినా నిటారు కాదు. బాగుపడితేనే తృప్తి అనుకుంటే ఆ ఇళ్ళకు పోయే పనే లేదు. బాగుపడని మనిషి దగ్గరికి రేపు కూడా పోవడానికి మనసులో ఏదో ఒక ఆధారం కావాలి, లెక్క చూసుకునేది నేను కాదు, పైన ఇంకొకడున్నాడు అన్న ధైర్యం. నాకు విశ్వాసం ఇచ్చింది ఆ ధైర్యమే.

కృతజ్ఞత కూడా ఆశించకండి. మా దగ్గర ఒక అవ్వ ఉండేది, కొడుకు పుణెలో సెంట్రింగ్ పని. మేం గిన్నె పెట్టగానే "ఉప్పు లేదు, ఆడ పెట్టి పోండ్రి" అనేది. కూర బాగున్న రోజు ఏమీ అనేది కాదు, అదే మెచ్చుకోలు అనుకునేవాళ్ళం. ఆమె కురుమూర్తి స్వామి భక్తురాలు. ఒక ఏడు జాతరకు పోతానని పట్టుబట్టింది. చూపు సరిగా లేదు, తోడు ఎవరూ లేరు. మా సమాజంలోని ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను ఆటో ఎక్కించి, జాతరకు పోయే పక్కింటివాళ్ళకు అప్పజెప్పి వచ్చారు. దాని మీద సంఘంలో పెద్ద పంచాయితీ. "సంఘం మనుషులు జాతరకు పంపడమేంది?" అని ఒక పెద్దాయన గట్టిగానే అడిగాడు. మా పాస్టరమ్మ ఒకటే అంది: "అన్నం పెట్టేటప్పుడు ఆమె మతం అడగలేదు కదా అన్నా, ఆటో ఎక్కించేటప్పుడు ఎందుకు అడగాలె?" నాదీ అదే మాట. బియ్యం సంచి చేతిలో పెట్టి ఆదివారం రమ్మంటే అది బేరం. బేరంలో అవతలివాడు రాకపోతే కోపం వస్తుంది, కోపం ముదిరితే మీకొచ్చిన ఈ విసుగే వస్తుంది. మీ విసుగులో అలాంటి ఆశ ఏదైనా దాగి ఉందేమో చూసుకోండి. లేకపోతే ఈ మాట వదిలేయండి.

ప్రార్థన చేసేచోట ప్రార్థన, గాజుగుడ్డ వాడేచోట గాజుగుడ్డ. ఇది నర్సుగా చెప్తున్నాను. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండు పడుతుంది, ఎంత భక్తితో పాటలు పాడినా ఆగదు. ఎర్రబడిన చోట నూనెతో గట్టిగా రుద్దుతారు కొందరు, అది ఇంకా చెడ్డది. నొప్పి భరించలేని క్యాన్సర్ మనిషి ఉంటే సర్కారు దవాఖానలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్ళను అడగండి. అభిషేక తైలం రాసి ఊరుకోకండి. మన ప్రాంతంలో ఇది కొత్త మాటేం కాదు. మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ సంఘం మిషన్ డాక్టరమ్మ కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఈ దేశం వచ్చి, 1945లో శంషాబాద్‌లో కన్నుమూసేదాకా ఇక్కడివాళ్ళకు వైద్యం చేశారు. జడ్చర్లలో మిషన్ దవాఖాన పెట్టింది కూడా ఆ సంఘంవాళ్ళే. వాళ్ళు ప్రార్థించలేదని ఎవరంటారు? మందుల పెట్టె కూడా వెంట ఉండేది.

మనసు కదలట్లేదని బాధపడుతున్నారు కదా, బైబిల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం మళ్ళీ తీయండి. ఆకలిగొన్నవాడికి పెట్టినవాళ్ళు చివర్లో ఏమని అడుగుతారు? ప్రభువా, నీకు మేం ఎప్పుడు పెట్టాం అంటారు. అంటే పెట్టేటప్పుడు వాళ్ళకూ ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదన్నమాట! ఎదురుగా ఉన్నది ఆకలిగొన్న మనిషి, పెట్టారు, అంతే. నా మనసు రాయిలా ఉన్న రోజుల్లో నన్ను ఎక్కువ నిలబెట్టింది ఈ వచనాలే.

ఇక మీరు చేయాల్సింది. మీకు అలసట కూడా ఉందని మాటల్లోనే తెలుస్తోంది, అది పాపం కాదు. ఒక నెల క్యారేజీలు ఇంకొకరికి అప్పగించండి. మానేస్తున్నానని కాకుండా వంతు మార్చుకుంటున్నానని చెప్పండి, అప్పుడు ఎవరూ తప్పుపట్టరు. ఆ నెలలో ఏదైనా ఒక ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళి కాసేపు కూర్చోండి. మీ వైపు నడుము వంగనివాళ్ళు కింద కూర్చుని తినలేరు, గిన్నె ఎత్తులో పెట్టడానికి స్టూలు ఉందో లేదో ఆ రోజు చూసుకోండి. కొత్తగా క్యారేజీ మోసే పిల్లాడికి ఎవరి పళ్ళకు ఏది నమలడం కుదరదో రాసివ్వండి. లేకపోతే మొదటి వారం సగం అన్నం తిరిగొస్తుంది.