దేవుడితో చెప్పుకున్నాక మనిషి దగ్గరికి వెళ్లాలా? నా నారుమడి సంగతి

“పాపం దేవుడి దగ్గర ఒప్పుకున్నాను, క్షమించాడని నమ్ముతున్నాను, అయినా మనసులో బరువు దిగడం లేదు, నా విశ్వాసం చాలదా?” అని అడిగారు. మీ విశ్వాసంలో లోటేమీ లేదండి. ఎవరికి నష్టం చేశారో ఆ ఇంటి గడప మీరింకా తొక్కలేదు, అంతే. మీ సంగతేమిటో తెలియకుండా ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, అదే బరువు రెండేళ్లు మోశాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ దంపతులు వచ్చి మా వైపు సువార్త చెప్పిన కాలం నుంచీ ఇక్కడ బ్రదరన్ అనే ప్రొటెస్టంటు క్రైస్తవ సంఘాలున్నాయి. మాదీ ఆ సంఘమే. ప్రతి ఆదివారం ప్రభువు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె విరిచి పంచుకుంటాం. నాకు రెండెకరాల వనామీ రొయ్యల చెరువుంది. దాని పల్లాన బాబాయి వరిచేను. సొంత బాబాయి కాదు, ఊరి వరస. మా సంఘస్థుడూ కాదు. ఆ చేను కూడా ఆయన కౌలుకి చేస్తున్నదే.

ఆ ఏడు జూన్‌లో కాలవలకి నీళ్లొదిలారు. బాబాయి సార్వాకి, అంటే తొలకరి పంటకి, నారుమడి పోసి పది రోజులైంది. సరిగ్గా అప్పుడే నా చెరువులో తెల్లమచ్చ రోగం కనబడింది. రాత్రికి రాత్రి పట్టుబడి పెట్టి రొయ్యలన్నీ తీసేశాం. రోగమొచ్చిన నీళ్లని బ్లీచింగ్ కొట్టి ఆపాలి, ఆ తర్వాతే మురుగు కాలవలోకి వదలాలి. నేను ఆపలేదు. మురుగు వైపు తూమేమో గుర్రపుడెక్క పట్టి పూడుకుపోయి ఉంది. అర్ధరాత్రి దాటాక, కూలీలు టీ తాగుతుంటే, బాబాయి చేనుకి నీళ్లు పారే పంటబోదె వైపు తూము పలకలు నా చేతులతో ఎత్తాను. ఆ ఉప్పునీళ్లు ఎటు పోతాయో తెలియక కాదు. అరగంటే కదా అనుకున్నాను. పలకలు దించేసరికి తెల్లారింది.

నాలుగు రోజులకి నారు కొసలు తెల్లబారి ఎండాయి. వారానికి మడంతా పడుకుంది. బాబాయి గట్టు మీద గొంతుకూర్చుని, “ఇదేం తెగులురా అబ్బాయ్?” అన్నాడు. “విత్తనం మంచిది కాదేమో బాబాయ్” అన్నాను. తూము ఎత్తినందుకంటే ఆ మాటకే నేను ఎక్కువ ఏడ్చాను, తర్వాత. ఆయన మొగల్తూరు వైపు నుంచి నారు కొని తెచ్చి, అదను దాటాక నాట్లు వేశాడు.

ప్రార్థన చెయ్యలేదనుకోకండి. ఉపవాసం ఉన్నాను. “మన పాపములను మనము ఒప్పుకొనినయెడల” అనే యోహాను మాట రోజూ చెప్పుకున్నాను. కానీ ఆదివారం రొట్టె పళ్లెం చేతికొచ్చేసరికి ఎండిన ఆ నారే కళ్లముందు కనిపించేది. చివరికి సంఘంలో ఒక పెద్దాయనతో చెప్పాను. ఆయన ప్రేమగానే అన్నారు: “దేవునితో ఒప్పుకున్నావు, చాలు. మీ బాబాయి విశ్వాసి కాదు కదా, ఇప్పుడు వెళ్లి చెబితే నీ సాక్ష్యం చెడుతుంది.” 51వ కీర్తన కూడా చూపించారు, “నీకు కేవలము నీకే విరోధముగా” అన్న చోటు.

ఆ రాత్రంతా ఆ కీర్తనే చదివాను. దావీదు ఎవరి భార్యని తీసుకుని, ఎవరిని చంపించాడో ఆ ఊరియా, అలా పాడేనాటికి లేడు. వెళ్లి కాళ్లమీద పడదామన్నా మనిషి లేడు. మన ఊరియాలు బతికే ఉన్నారండి, పక్క చేలోనే కలుపు తీసుకుంటున్నారు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు, వాడిది ఏ సంఘమో కనుక్కుని వెళ్లమనలేదు. పాలకొల్లులో నా స్నేహితుడొకడు ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్. గురువు దగ్గర పాపాలు చెప్పుకునే వాళ్ల పాపసంకీర్తనం గురించి మనవాళ్లు చులకనగా మాట్లాడతారు. కానీ, “తీసుకున్నది తిరిగిచ్చావా?” అని వాళ్ల గురువు తనని ఒకసారి సూటిగా అడిగారట. మనలో ఆ మాట అడిగేవాళ్లేరీ?

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకి అందరం వెళ్తాం, కొత్త ఏడాదికి వాక్యం రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటాం. “తెలిసీ తెలియక నొప్పించి ఉంటే క్షమించండి” అని నాలుగు వందల మందికి ఒకే వాట్సాప్ పంపిస్తాం. అది ఒప్పుకోలు కాదు. ఏం చేశామో చెప్పకుండా అడిగే క్షమాపణ ఎవరికీ అందదు. మహాసభల్లో చెప్పే సాక్ష్యాలూ అంతే. రక్షణ పొందకముందు తాగానని చెబుతారు. బాప్తిస్మం తీసుకున్నాక కౌలు రైతు నారు చంపానని ఎవరైనా చెప్పగా విన్నారా?

సరే, వెళ్లాను. శనివారం సాయంత్రం. బాబాయి వాకిట్లో కొడవలి నూరుకుంటున్నాడు. విత్తనం, దుక్కి, కొన్న నారు, తగ్గిన దిగుబడి, అన్నీ లెక్కేసి, సంఖ్యాకాండంలో చెప్పినట్టు ఐదో వంతు కలిపి పట్టుకెళ్లాను. సువార్తలో సుంకరి జక్కయ్యలా నాలుగంతలు ఇచ్చే తాహతు నాకు లేదు. “నారుమడి పాడుచేసింది నేనే బాబాయ్. తూము నేనే ఎత్తాను. విత్తనం మీదకి తోసిందీ నేనే” అన్నాను.

నూరడం ఆపాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపటికి, “ఆ విత్తనాల కొట్టాయన్ని బజార్లో నలుగురిలో తిట్టానురా. పదిమందిని అక్కడ కొనద్దన్నాను. అతనికేం చెప్పమంటావు?” అన్నాడు.

ఆ మనిషి నాకు రెండేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అన్ని ప్రార్థనల్లో ఒక్కసారి కూడా. పల్లానికి పోయే నీరు మొదటి మడిలో ఆగదని డెల్టాలో పుట్టిన నాకు వేరే ఒకరు చెప్పాల్సి వచ్చింది.

బాబాయి డబ్బు లెక్కపెట్టి, తన నష్టం మటుకు తీసుకుని, ఐదో వంతు నా చేతిలో పెట్టేశాడు. “ఇది అతనిది” అన్నాడు. క్షమించానని అనలేదు. కూర్చోమనీ అనలేదు.

సోమవారం కొట్టుకి వెళ్లాను. కొట్టాయన బేరాల మధ్యలో విని, అక్కడున్న రైతులందరికీ వినబడేలా మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. డబ్బు మాత్రం ముట్టుకోలేదు. పరువుకి ఐదో వంతేమిటి అన్నాడు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

బాబాయి ఆ దాళ్వా, అంటే రెండో పంట, అంతా నాతో మాట్లాడలేదు. మీ దగ్గరా అలాగే జరగొచ్చు. మనం అడగ్గానే వాళ్లు క్షమించేయాలని వాక్యం చూపించి ఒత్తిడి చేయకండి, అది రెండో అన్యాయం. అయితే అడిగి వచ్చిన మరుసటి రోజు, ఆదివారం, రెండేళ్ల తర్వాత మొదటిసారి పళ్లెం నా చేతిలో వణకలేదు.

వేసవిలో కాలవలు కట్టేశాక, బోదె వైపు తూముని ఇటుకతో మూయించాను. పని నడుస్తుంటే బాబాయి గట్టు మీదుగా వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూసి, “ఆ మూల ఇంకో గమేళా మాలు వెయ్యి” అని తాపీమేస్త్రితో అని, తలపాగా విప్పి, నా పక్కన కూర్చున్నాడు.