రేసులు వచ్చే చోట్లు మాత్రం చూస్తే ‘గ్రాండ్ ప్రి’ చూసినట్టు కాదు

1966 నాటి కార్ల రేసుల ఇంగ్లిష్ సినిమా ‘గ్రాండ్ ప్రి’ దాదాపు మూడు గంటలు ఉంది, మధ్యలో ప్రేమ గొడవలు సాగదీశారు, రేసులు వచ్చే చోట్లు మాత్రం చూస్తే సరిపోతుందా అని మీలో ఒకరు అడిగారు. సరిపోదండీ. అలా చూడాలనుకుంటే అసలు మొదలుపెట్టకండి. రేసు సినిమాల్లో నాకు దీని తర్వాతే ఏదైనా.

మా బాబాయి ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. ఏళ్ల తరబడి శ్రీశైలం ఘాట్‌లో బస్సు నడిపిన మనిషి. ఒక ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడు టీవీలో ఈ సినిమా పెట్టాను. ఆయనకి ఇంగ్లిష్ రాదు, పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. మొదట్లో సాల్ బాస్ చేసిన టైటిల్స్ వస్తాయి చూడండి, సైలెన్సర్ గొట్టాలు, స్పానర్లు, ఒకే దృశ్యం తెరంతా గళ్లు గళ్లుగా విడిపోవడం, ఇంజిన్లు ఒక్కొక్కటీ స్టార్టవ్వడం... అక్కడే పేపరు పక్కన పెట్టేశారు. మొనాకో వీధుల్లో రేసు మొదలైన కాసేపటికి, “వీడు నిజంగానే నడుపుతున్నాడురా, చేతులు చూడు” అన్నారు.

ఆ నడిపేది హీరో జేమ్స్ గార్నర్. నిజంగానే నడిపాడు. దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్ ఫార్ములా త్రీ అనే చిన్న రేసు కార్లకి, వాటికంటే పై స్థాయి ఫార్ములా వన్ కార్ల వేషం వేయించి, వాటికి కెమెరాలు బిగించి, నటుల్ని అసలు ట్రాకుల మీదే తిప్పాడు. ఆ ఏడాది జరిగిన నిజమైన రేసుల దగ్గరా తీశాడు. మన సినిమాల్లో హీరో స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాడు, బండి మాత్రం తిన్నగా పోతుంటుంది. ఇన్ని కోట్లు పెట్టి తీసేవాళ్లు ఆ ఒక్కటి ఎందుకు సరిచేయరో నాకు అర్థం కాదు. డ్రైవింగ్ తెలిసిన ఎవరికైనా అక్కడే సినిమా మీద నమ్మకం పోతుంది.

ఇక మీరు స్కిప్ చేస్తానన్న భాగం గురించి. ఈవా మరీ సెయింట్ పత్రికలో పనిచేసే లూయిస్‌గా, ఈవ్ మాంటాన్ ఫెరారీ డ్రైవర్ సార్తీగా వేశారు. ఒకచోట సార్తీ చెబుతాడు, ట్రాక్ మీద ఘోరమైన యాక్సిడెంట్ కనబడితే తాను యాక్సిలరేటర్ ఇంకా గట్టిగా తొక్కుతానని, ఎందుకంటే ఆ క్షణంలో మిగతా అందరూ కాలు తీసేస్తారని. నేను ఆపి బాబాయికి తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అట్లాంటిది చూస్తే కాలు దానంతటదే బ్రేక్ మీదికి పోతుంది. దాన్ని ఆపుకున్నాడంటే వీడు లోపల ఎప్పుడో చచ్చిపోయాడు” అన్నారు.

ఆ మాట మీద ఘాట్‌లో లారీ లోయలో పడ్డ సంగతి చెప్పారు. ఆయన కళ్లముందే పడిందట. మర్నాడు అదే మలుపులో మళ్లీ ఆయనదే డ్యూటీ. వెనక జనం పల్లీలు తింటూ కబుర్లు చెప్పుకుంటున్నారట. ఇది నాకు అప్పటిదాకా తెలియదు. పక్కనే కూర్చున్న పిన్నికీ తెలియదు! “నాకెందుకు చెప్పలేదు?” అంది. “చెబితే పోనిచ్చేదానివా?” అన్నారాయన. సినిమాలో ప్రేమ గొడవలని మీరంటున్నది ఇదే. బండి ఎక్కేవాడు ఇంట్లో ఏం చెబుతాడు, ఏం దాస్తాడు, ఎదురుచూసేవాళ్లు ఎంతవరకు ఓర్చుకుంటారు, అంతా దాని గురించే.

ఇక్కడినుంచి కథ చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఈ పేరా వదిలేయండి. ఇటలీలోని మోంజాలో ఏటవాలు కాంక్రీట్ ట్రాక్ మీంచి సార్తీ కారు ఎగిరిపోతుంది. లూయిస్ రక్తం అంటిన చేతులు ఫొటోగ్రాఫర్ల ముందు చాపి, మీకు కావలసింది ఇదేనా అని అరుస్తుంది. వాళ్లిద్దరి మాటలూ స్కిప్ చేసినవాళ్లకి అక్కడ ఒక ఆడమనిషి కేకలు మాత్రమే వినిపిస్తాయి. పిన్ని మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇది కల్పనేలే అని తీసిపారేయడానికీ లేదు. సినిమాలో కనిపించే అసలు డ్రైవర్లలో లోరెంజో బాందీని ఒకడు. సినిమా 1966 డిసెంబరులో విడుదలైంది. 1967 మేలో మొనాకోలోనే, హార్బర్ పక్కనున్న మలుపు దగ్గర అతని ఫెరారీ తగలబడి, మూడు రోజులకి చనిపోయాడు. సినిమాలో కారు ఎగిరి నీళ్లలో పడేది కూడా ఆ హార్బర్‌లోనే. బ్రూస్ మెక్‌లారెన్, యోకెన్ రిండ్ట్ కూడా ఈ సినిమాలో ఉన్నారు, ఇద్దరూ 1970లో కార్లలోనే పోయారు. ఇవన్నీ తెలిశాక ఆ గుంపు సీన్లలో ఒక్కో మొహం దగ్గర ఆగిపోతాను.

దయచేసి ఫోన్‌లో చూడకండి. వెడల్పాటి సినిరమా తెర కోసం తీసిన బొమ్మ ఇది. అంత తెరని గళ్లుగా కోసిన దృశ్యాలు ఫోన్‌లో ఏం కనబడతాయి? సౌండ్‌కి, సౌండ్ ఎఫెక్ట్స్‌కి, ఎడిటింగ్‌కి మూడు ఆస్కార్లు వచ్చాయి కాబట్టి స్పీకర్లు కూడా బాగుండాలి. 2023లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు చూసినప్పుడు ఎలక్ట్రిక్ కార్లు సన్నగా ఈలేసుకుంటూ పోయాయి. వేగం ఉంది, కానీ ఒళ్లు జలదరించలేదు. ఈ సినిమాలో ఇంజిన్ల మోతకి మా ఇంట్లో షోకేసు అద్దాలు అదిరాయి.

ఇది నచ్చితే స్టీవ్ మెక్వీన్ ‘లె మాన్’ (1971) చూడండి. మొదట్లో చాలాసేపు మాటలే ఉండవు, కార్లు మాత్రం అద్భుతం. ఆ డ్రైవర్ల ఇళ్లలో ఏముందో అందులో పెద్దగా తెలియదు, అందుకే నేను ముందు ‘గ్రాండ్ ప్రి’ చూడమంటాను.