నొప్పితో కూర్చోవడం గురించి బుజ్జికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

చి. బుజ్జికి,

మైండ్‌ఫుల్‌నెస్‌తో, అంటే ఒంట్లో మనసులో ఈ క్షణాన ఏం జరుగుతోందో ఉన్నదున్నట్టు గమనించే సాధనతో, నీ నడుము నొప్పి పోతుందా అని అడిగావు. ముందే సూటిగా చెప్పేస్తాను. అది నేర్చుకుంటే నొప్పి పోతుందని నేను మాట ఇవ్వలేను. పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్లకి ఫీజు కట్టకు. నా కీళ్లవాతం ఇప్పటికీ ఉంది. దానికి వారానికోసారి మెతోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటున్నాను, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్షలు చేయించుకుంటున్నాను. మారింది వేరే.

పొద్దున లేవగానే నా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అది జబ్బు చేసే పని. ఆ వెంటనే దవడలు బిగపట్టడం, భుజాలు పైకి లాక్కోవడం, ‘ఇంకో ఐదేళ్లకి మంచాన పడతానేమో, పిల్లలకి భారమవుతానేమో’ అని మొదలుపెట్టడం నేను చేసే పని. ఈ రెండూ కలిసిపోయి మొత్తం నొప్పే అనిపిస్తుంది. వాటిని విడివిడిగా చూడగలిగితే రెండోది కొంత సడలుతుంది. ఈ సాధనతో నాకు దక్కింది అదే, కానీ అది తక్కువేం కాదే.

ఇది బాబాలు పుట్టించిన వ్యవహారం అనుకుంటున్నావేమో. మూలం బౌద్ధుల ధ్యానమే, కానీ నేను చెప్పే పద్ధతి ఆసుపత్రిలో తయారైంది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. మందులు వాడుతున్నా బాధ తగ్గనివాళ్లని డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవారు. ఎనిమిది వారాల శిక్షణ. వారానికో క్లాసు రెండున్నర గంటలు, మధ్యలో ఒక రోజంతా సాధన, ఇంట్లో రోజూ ముప్పావు గంట. మంత్రం, దీక్ష, పూజ ఏవీ ఉండవు.

నీలాగే ఎంతోకాలంగా నడుము నొప్పి ఉన్న 342 మందిని మూడు గుంపులు చేసి పరీక్షించిన ఫలితాలు 2016లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, ఈ శిక్షణ ఇచ్చినవాళ్లలో సుమారు 60 శాతం మందికి రోజువారీ పనులు చేసుకోవడం చెప్పుకోదగ్గంతగా తేలికైంది. మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో అది 44 శాతం. అంటే ఇందులో పెద్ద అద్భుతమేమీ లేదు, అలాగని ఉత్తిదీ కాదు. మూడో గుంపుకి ఆలోచనా తీరు మార్చే సీబీటీ చికిత్స ఇచ్చారు, అదీ దాదాపు ఇంతే పనిచేసింది. కాబట్టి ఇది నీకు సరిపడకపోతే నీలో ఏదో లోపం ఉందనుకోకు, అటు వెళ్లు.

మొదలుపెట్టడం బాడీ స్కాన్‌తో, అంటే ఒళ్లంతా ఒక్కో భాగాన్నీ వరసగా గమనించడంతో పెట్టు. పద్మాసనం జోలికి ఇప్పుడే పోకు. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద లావు దిండు పెట్టుకో. ఎడమకాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టి పాదం, పిక్క, మోకాలు అలా తల దాకా ఒక్కోచోటికీ ధ్యాస తీసుకెళ్లు. అక్కడ వెచ్చగా ఉందా, చల్లగా ఉందా, చీర అంచు తగులుతోందా, ఏమీ తెలియడం లేదా చూడు. ఏమీ తెలియకపోయినా ఫరవాలేదు, తెలియడం లేదన్నది తెలిసింది కదా. మధ్యలో కుక్కర్ విజిల్ వేస్తుంది, ఆఫీసు గుర్తొస్తుంది, మీ అత్తగారు ‘పడుకుని చేసేదాన్ని నిద్రంటారు గానీ ధ్యానమంటారా’ అంటారు. అననీ. నిజంగానే నిద్రపట్టేస్తుంటే కళ్లు తెరిచే చెయ్యి.

నడుము దగ్గరికి వచ్చినప్పుడే అసలు పని. సరాసరి నొప్పి మధ్యలోకి దూకకు, దాని అంచు ఎక్కడుందో వెతుకు. అది మంటా, పోటా, లాగుడా? ఉన్నచోటే ఉందా, కదులుతోందా? మనం ‘నడుమంతా నొప్పి’ అంటాం గానీ, చూడగా చూడగా అది అరచేయంత చోటులో తేలుతుంది, అదీ ఒకసారి హెచ్చుతూ ఒకసారి తగ్గుతూ. తట్టుకోలేనప్పుడు ధ్యాసని అరచేతులకో, ఊపిరికో మళ్లించు. ఒళ్లు కదపాలనిపిస్తే కదుపు, కాకపోతే కదపబోతున్నానని తెలిసి కదుపు. పళ్లు బిగించి ఓర్చుకోవడం సాధన కాదు. మన ఇళ్లల్లో ఆడవాళ్లకి ఆ విద్య ఇప్పటికే ఎక్కువ వచ్చు.

ముప్పావు గంట కుదరకపోతే పావుగంటతో మొదలుపెట్టు, కానీ రోజూ చెయ్యి. బాగా అనిపించిన రోజునే చేస్తానంటే కుదరదు. ఆఫీసులో మెయిల్ చూసి గుండె దడదడలాడితే, జవాబు కొట్టేముందు పాదాలు నేలకి ఆనించి నాలుగు ఊపిరులు గమనించు చాలు.

నాగార్జునసాగర్ రోడ్డులోని విపశ్యన ధ్యాన కేంద్రంలో పదిరోజుల కోర్సుకి వెళ్లనా అన్నావు. దాని మీద నాకు గౌరవమే. ఫీజు కూడా తీసుకోరు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రోజుకి పదిగంటల దాకా మౌనంగా కూర్చోవాలి. నడుములో ఈ డిస్క్ సమస్యతో నీకు అది మొదటి మెట్టు కాకూడదని నా ఉద్దేశం. ఎప్పుడైనా వెళ్తే ఫారంలో నీ నడుము సంగతీ, వేసుకునే మాత్రల సంగతీ దాచకుండా రాయి.

కొందరికి కళ్లు మూసుకుని ఒంటిని గమనిస్తే నెమ్మది బదులు భయం పెరుగుతుంది, పాత సంగతులు పైకి వస్తాయి. అలా అయితే కళ్లు తెరిచి లేచి నాలుగడుగులు నడువు, మళ్లీ మళ్లీ వస్తుంటే ఆపేసి డాక్టరుతో చెప్పు. డిప్రెషన్ మాత్రలు నీ అంతట నువ్వు మానెయ్యకు. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం ఆగిపోయినా, ఆపుకోలేకపోయినా ఇక ధ్యానం మాట ఎత్తకు, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లిపో.

ఫిజియో నేర్పిన వ్యాయామాలు మాత్రం వదలకు. ఎనిమిది వారాలయ్యాక నొప్పి పదికి ఎంతని నేను అడగను. బండి మీద ఎంతదూరం వెళ్లగలుగుతున్నావు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, పిల్లాడి మీద అరవడం తగ్గిందా అని అడుగుతాను. ఓ పుస్తకంలో రాసి పెట్టుకో. ఎమ్మారై రిపోర్టు వాట్సాప్‌లో పంపు, ఆదివారం మాట్లాడదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ