పాత కంప్యూటర్లకు నెట్‌వర్క్ మేనేజర్ అవసరమా?

ప్రశ్న: దేవరకొండలో ఆన్‌లైన్ దరఖాస్తులు నింపే చిన్న దుకాణం నడుపుతున్నాను. 1 జీబీ ర్యామ్ ఉన్న నాలుగు పాత కంప్యూటర్లలో డెబియన్ లైనక్స్ ఉంది. నాలుగూ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఉన్నాయి. ల్యాప్‌టాప్ మాత్రం నల్గొండకు వెంట తీసుకెళ్తుంటాను. నెట్‌వర్క్ కలపడానికి ఇదివరకు వాడిన విక్‌డ్ అనే ప్రోగ్రామ్ కొత్త డెబియన్‌లో దొరకడం లేదు. అదే పని చేసే నెట్‌వర్క్‌మేనేజర్ ర్యామ్‌కు బరువంటున్నారు. ఏది పెట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: విక్‌డ్ పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్. ఆ పైథాన్‌కు 2020 జనవరి 1తో మద్దతు ముగియడంతో డెబియన్ 11 నాటికి విక్‌డ్‌ను తొలగించారు. దాని కోసం వెతకకండి.

కదలని నాలుగు కంప్యూటర్లకు అసలు మేనేజరే అక్కరలేదు. డెబియన్‌లోని ఇఫ్‌అప్‌డౌన్ అనే చిన్న సాధనం చాలు. ఈటీసీ ఫోల్డరులో, నెట్‌వర్క్ అనే ఉపఫోల్డరులో ఉన్న ఇంటర్‌ఫేసెస్ ఫైలులో నెట్‌వర్క్ కార్డు పేరు, 192.168.1.20/24 వంటి స్థిర చిరునామా, గేట్‌వేగా (ఇంటర్నెట్‌కు దారిగా) రౌటర్ చిరునామా రాస్తే పని అయిపోతుంది. డీహెచ్‌సీపీ (రౌటరే చిరునామా ఇచ్చే పద్ధతి) పెట్టినా నడుస్తుంది కానీ, కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ కన్నా ముందే కంప్యూటర్ లేస్తే, అది చిరునామా కోసం ఎదురుచూస్తూ బూట్ మధ్యలోనే ఆగి కూర్చోవచ్చు. అందుకే మీకు స్థిర చిరునామా మేలని నా అభిప్రాయం. ఆ చిరునామాలు రౌటర్ తనంతట తాను పంచే వరుసలో లేనివై ఉండాలి, నాలుగింటికీ వేర్వేరుగా ఉండాలి. రిజాల్వ్.కాన్ఫ్ ఫైలులో డీఎన్ఎస్ సర్వర్ (వెబ్‌సైటు పేరుకు అంకెల చిరునామా చెప్పేది) రాయడం చాలామంది మరిచిపోతారు; అప్పుడు అంకెల చిరునామాకు పింగ్ (కనెక్షన్ పరీక్ష) పనిచేస్తుంది, వెబ్‌సైటు మాత్రం తెరుచుకోదు. ఇవన్నీ సరిగా పనిచేశాకే నెట్‌వర్క్‌మేనేజర్‌ను ఆపండి. అయితే దానివల్ల మిగిలేది కొద్ది మెగాబైట్లే. మీ ర్యామ్‌ను నిజంగా మింగుతున్నది బ్రౌజర్.

ల్యాప్‌టాప్ సంగతి వేరు. ఊరూరా వైఫై మార్చే యంత్రానికి నెట్‌వర్క్‌మేనేజర్‌నే ఉంచమంటాను. మెనూల కోసం దానితో వచ్చే ఎన్ఎంటీయూఐ టెర్మినల్‌లోనే తెరుచుకుంటుంది. తేలికైనదే కావాలంటే ఇంటెల్ వారు తయారుచేసిన ఐడబ్ల్యూడీ అనే వైఫై ప్రోగ్రామ్ బాగుంటుంది. చిరునామా తీసుకునే పని కూడా అదే చేయాలంటే దాని మెయిన్.కాన్ఫ్‌లో ఎనేబుల్‌నెట్‌వర్క్‌కాన్ఫిగరేషన్‌ను ట్రూగా మార్చాలి. దాన్ని పెట్టుకుంటే నెట్‌వర్క్‌మేనేజర్‌తో పాటు వైఫైకి కలిపే మరో ప్రోగ్రామ్ డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను కూడా ఆపండి. ఒకే వైఫై కార్డును ఇద్దరు లాగితే కనెక్షన్ మాటిమాటికీ తెగుతుంది.