ముందు గీయి, ఆ తరువాత రాయి

మైలాపూరు, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రకృతి చిత్రాలపై నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది. అయితే చిత్రంలో ఏముందో చెప్పావే గాని, అది ఎలా రూపు కట్టిందో చెప్పలేకపోయావు. అందుకు మరిన్ని పుస్తకాలు చదవమనను. పేరుపొందిన ఒక చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని నీ చేత్తో మళ్ళీ వేయమంటాను.

ఆంగ్ల చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో వేసిన 'ది హే వెయిన్' (గడ్డిబండి) తీసుకో. ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతపు స్టౌర్ నదిలో ఒక బండి, ఎడమవైపు ఇల్లు, కుడివైపు దూరం దాకా పచ్చిక, పైన మబ్బులు. లండన్ నేషనల్ గ్యాలరీలోని అసలు చిత్రం వెడల్పు సుమారు 185 సెంటీమీటర్లు. నీకు అందులో నాలుగో వంతు చాలు. ముందుగా ముదురు గోధుమ రంగు ఒక్కటే పలుచగా కలుపుకుని, కళ్ళు సగం మూసి చూస్తూ, వెలుగునీడలను మాత్రమే పెద్ద పెద్ద భాగాలుగా పెట్టు. ఆకుల జోలికి అప్పుడే పోకు.

తరువాత పచ్చదనం. ట్యూబులోని ఆకుపచ్చను నేరుగా పూస్తే చెట్లన్నీ ఒకే చెట్టులా కనిపిస్తాయి కనుక, నీలం, పసుపు కలిపి, రవ్వంత ఎరుపుతో దాని జోరు తగ్గించు. గుర్రాల మెడపట్టీల మీది ఎర్రటి మరకలను చివరిదాకా ఆపి, అప్పుడు వేయి. గోరంత ఎరుపు పడగానే చుట్టూ ఉన్న పచ్చదనమంతా మేలుకుంటుంది. అది చదివి తెలుసుకోవడం వేరు, నీ కుంచె కిందే జరగడం చూడడం వేరు.

కాన్‌స్టబుల్ అసలు చిత్రపు కొలతలోనే ముందుగా వేసుకున్న తైలవర్ణ నమూనా లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అందులో ఒడ్డున, కుక్క దగ్గర, గుర్రం మీద ఒక మనిషి ఉన్నాడు. తుది చిత్రంలో లేడు. ఆ మనిషిని ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చిన్న కాగితాల మీద గీసి, నీ చూపు బండిని చేరే దారిలో ఎక్కడ ఆగుతోందో గమనించు. చిత్రకారుడు ఏది ఎందుకు వదిలేశాడో తెలియడమే, నా దృష్టిలో, కళావిమర్శకు అసలైన చదువు. అచ్చుబొమ్మలో రంగు మందం తెలియదు కాబట్టి, ఈలోగా మన నగరపు చిత్రశాలల్లో తైలవర్ణ చిత్రాలను పక్కనుంచి, దగ్గరగా చూస్తూ ఉండు. నీ ప్రతి వెనుక అది నకలని, మూలచిత్రకారుడి పేరుతో సహా తప్పక రాయి.

అది పూర్తయ్యాక అడయారు నది ఒడ్డుకు తెల్లవారగానే వెళ్ళు. పొద్దెక్కితే మన ఎండకు రంగులన్నీ వెలవెలబోతాయి. సఫోక్ పచ్చలు అక్కడ పనికిరావు. ముందు వెలుగునీడలు, ఆపైన రంగులు అన్న వరస మాత్రం పనికివస్తుంది. నకలు, ఏటి ఒడ్డున వేసిన బొమ్మ, తిరగరాసిన వ్యాసం మూడూ కలిపి పంపు.

శుభాకాంక్షలతో.